పాత తెర, క్రొత్త కంప్యూటరు
పంచాయతీ కార్యాలయమున బొమ్మ కానరానప్పుడు వరుసగా చూడవలసిన విషయములు

గ్రామ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించిన 73వ సవరణ 1993వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. అదే తేదీన, 2020వ సంవత్సరమున, పంచాయతీల ప్రణాళికలను, పనుల వివరములను, జమాఖర్చులను ఒకే చోట నమోదు చేయుటకై ‘ఈ-గ్రామ్‌స్వరాజ్’ అను కంప్యూటరు ఏర్పాటు ప్రారంభమైనది. జనన మరణముల నమోదు చట్టమునకు జరిగిన సవరణ 2023వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చినందున, ఆనాటి నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుట మొదలుకొని ఓటర్ల జాబితాలో పేరు చేరువరకు జనన ధ్రువపత్రమే ఆధారమగుచున్నది. ఒకనాడు చిట్టాలలోను, రిజిస్టర్లలోను నడిచిన కార్యాలయపు పని నేడు అధిక భాగము కంప్యూటరు ద్వారా సాగుచున్నది.

ఇన్ని పనులకును ద్వారమైనది ఒక్క తెర. ఆ తెర వెలుగనినాడు బిడ్డ ధ్రువపత్రమునకై వచ్చిన తల్లి తిరిగి పోవలసి వచ్చును. ఒక దినపు కూలి మానుకొని వచ్చిన మనిషి మరునాడు మరల రావలసి వచ్చును. కట్టిన కాలువకు, వేసిన రోడ్డుకు చెల్లింపులు నిలిచిపోవును. అందుచేతనే తెర చెడినదనగానే క్రొత్త కంప్యూటరు కొనవలెనను ప్రతిపాదన సమావేశము ముందుకు వచ్చుట సహజము. ఆ ప్రతిపాదనకు చేయి ఎత్తవలసినవారు పంచాయతీ సభ్యులు. ఖర్చగునది గ్రామస్థులు చెల్లించిన పన్ను. కావున చేయి ఎత్తుటకు ముందు ఏమి అడుగవలెనో, ఏమి పరీక్షింపజేయవలెనో సభ్యులకు తెలిసియుండుట అవసరము. కొన్ని వందల రూపాయల తీగతో తీరిపోవు లోపమునకు వేల రూపాయలు వెచ్చించుట ఎంత తప్పో, నిజముగా చెడిన తెరను పట్టుకొని ప్రజలను నెలల తరబడి త్రిప్పుట కూడ అంతే తప్పు. ఈ రెండింటి భేదమును గుర్తించు విధమును మేము ఇచ్చట వివరింపదలచితిమి.

చెరువు, కాలువ, మడి

మడికి నీరు రాలేదన్నచో చెరువు ఎండిపోయినదని రైతు వెంటనే నిశ్చయింపడు. తూము తెరచిరా, కాలువలో పూడిక యున్నదా, మడి గట్టు తెగినదా అని వరుసగా చూచును. కంప్యూటరు విషయమున కూడ ఇదే పద్ధతి.

కంప్యూటరు అనగా తెర కాదు. లెక్కలు కట్టునది, కాగితములను దాచునది ప్రక్కనుండు పెట్టె. దానిని వాడుకలో సి.పి.యు. అందురు. తెర, అనగా మానిటరు, ఆ పెట్టె పంపిన బొమ్మను చూపునది మాత్రమే. ఈ రెండింటిని కలుపునది తీగ, అనగా కేబులు. పెట్టె చెరువు, కేబులు కాలువ, తెర మడి. బొమ్మ కానరానప్పుడు లోపము ఈ మూడింటిలో ఎచ్చటనున్నదో మొదట తేల్చవలెను. తెర నల్లబడినంత మాత్రమున లోపలనున్న రికార్డులు పోయినవని ఎవరును భయపడనక్కరలేదు. అవి తెరలో ఉండవు.

మొదటి పరీక్ష: విద్యుత్తు

తెర అడుగు భాగమున ఒక చిన్న దీపము ఉండును. అది ఏ మాత్రము వెలుగనిచో తెరకు విద్యుత్తు అందుట లేదని అర్థము. గోడ స్విచ్చి, పొడిగింపు బోర్డు, యు.పి.యస్., తెర వెనుకనున్న ప్లగ్గు వరుసగా చూడవలెను. తెరకును పెట్టెకును విద్యుత్తు నిచ్చు తీగలు చాలవరకు ఒకే ఆకృతిలో ఉండును. స్విచ్చిలన్నియు ఆపి, ఆ రెండు తీగలను తారుమారు చేసి చూచినచో లోపము తీగదో, తెరదో కాసుఖర్చు లేకుండ తెలియగలదు. కొన్ని తెరలకు మాత్రము వేరుగా ఒక చిన్న అడాప్టరు ఉండును. అట్టివానికి అదే వోల్టేజి గల అడాప్టరునే వాడవలెను గాని, చేతికందినది తగిలింపరాదు.

దీపము నారింజ రంగున వెలుగుచున్నను, ఆరుచు వెలుగుచున్నను, తెర బాగుగనే ఉన్నదనియు, తనకు బొమ్మ అందనందున నిద్రలో ఉన్నదనియు సాధారణముగా గ్రహింపవలెను.

రెండవ పరీక్ష: తెరను ఒంటరిగా అడుగుట

తెరను వెలిగించి యుంచి, బొమ్మను తెచ్చు కేబులును పెట్టె వైపున ఊడదీయవలెను. అప్పుడు చాల తెరలు ‘నో సిగ్నల్’ అనియో, ‘చెక్ సిగ్నల్ కేబుల్’ అనియో ఒక వాక్యమును కొన్ని క్షణములపాటు చూపును. బొమ్మ రాలేదు, తీగను చూడుడు అని దాని భావము. ఈ వాక్యము స్పష్టముగా కనబడినచో తెరకు ప్రాణమున్నట్లే. లోపము కాలువలోనో, చెరువులోనో ఉన్నది. కావున తెరను మార్చవలెనను మాట అంతటితో ఆగవలెను.

వాక్యము కానరానిచో తెరను వెంటనే పారవేయరాదు. కార్యాలయమున వెలుతురు తగ్గించి, చేతి దీపమును తెరపై ఏటవాలుగా వేసి చూడవలెను. పలుచని తెరలలో బొమ్మ వెనుకనుండి వెలుగు నిచ్చు దీపములు వేరుగా ఉండును. అవి ఆరిపోయినచో బొమ్మ లీలగా కనబడుచునే ఉండును గాని వెలుగుండదు. ఇది తెర లోపలి లోపము. బాగుచేయువారికి చూపి, ఖర్చు తెలిసికొని, క్రొత్తదాని వెలతో పోల్చి నిర్ణయింపవలెను.

రెండు మూడు మార్గములుగల తెరలు కూడ కలవు. వాని వెనుక రెండు విధములైన రంధ్రములుండును. కేబులు ఒకదానికి తగిలించి, తెరను మరియొక మార్గమున చూడుమని అమర్చినచో బొమ్మ రాదు. తెరపై ‘సోర్స్’ లేక ‘ఇన్‌పుట్’ అను మీట నొక్కి సరియైన మార్గమును ఎన్నుకొనవలెను.

మూడవ పరీక్ష: కేబులు

పాత తెరలలో పెక్కింటికి వెనుక నీలిరంగు రంధ్రమొకటి ఉండును. దానికి తగులు కేబులు మొనలో మూడు వరుసలుగా, వరుసకు ఐదు చొప్పున, 15 పిన్నులకు చోటు కలదు. దీనిని వి.జి.ఎ. అందురు. ఐ.బి.యం. సంస్థ 1987వ సంవత్సరమున ఈ పద్ధతిని ప్రవేశపెట్టినది. అది మొదలు ముప్పది సంవత్సరములకు పైగా ఈ రంధ్రము ప్రపంచమంతట వాడుకలోనున్నది.

ఈ కేబులులో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులు మూడు వేర్వేరు తీగలపై నడచును. బొమ్మను అడ్డుగను, నిలువుగను నిలుపు సూచనలకు మరి రెండు తీగలు కలవు. ఈ సంగతి తెలిసినవారు తెరను చూచినంతనే ఏ తీగ తెగినదో చెప్పగలరు. తెల్లని కాగితము వంటి బొమ్మను తెరపై నుంచి చూడవలెను. తెలుపు పసుపుగా మారినచో నీలము రాలేదని అర్థము. తెలుపు గులాబివన్నెకు తిరిగిన ఊదాగా కనబడినచో ఆకుపచ్చ రాలేదు. నీలము కలిసిన ఆకుపచ్చగా కనబడినచో ఎరుపు రాలేదు. రంగు ఇట్లు మారినప్పుడు కేబులు మొనను మెల్లగా కదిపి చూచినచో ఒక్కొక్కప్పుడు సరియైన రంగు తిరిగి వచ్చును. అట్లు వచ్చినచో లోపము కేబులుదో, బిగింపుదో గాని తెరది కాదు.

పరీక్షించునప్పుడు రెండింటిని ఆపి, కేబులు ఊడదీసి, పిన్నులను వెలుతురులో చూడవలెను. వంగిన పిన్ను కనబడినచో సన్నని పట్టకారుతో మెల్లగా నిలువుగా చేయవచ్చును. బలము ప్రయోగింపరాదు. కొన్ని కేబుళ్లలో తయారీయందే ఒకటి రెండు పిన్నులు ఉండవు. ముఖ్యముగా నడిమి వరుసలోని తొమ్మిదవ పిన్ను లేకుండుట సాధారణము. దానిని చూచి కేబులు విరిగినదని భ్రమపడరాదు. మొనకు రెండు ప్రక్కల నుండు మరలను వ్రేళ్లతో బిగించుట మరువరాదు. ఊడ్చునప్పుడు చీపురు తగిలి కేబులు వదులగుట, దానితో పని నిలిచిపోవుట కార్యాలయములలో తరచుగా జరుగు విషయమే.

మరియొక సంగతి. కొన్ని పెట్టెలలో బొమ్మ కొరకు వేరుగా ఒక కార్డు అమర్చబడి యుండును. అప్పుడు పెట్టె వెనుక రెండు చోట్ల రంధ్రములు కనబడును. అట్టి పెట్టెలలో చాలవానికి కేబులును కార్డు నందలి రంధ్రమునకే తగిలింపవలెను. పై రంధ్రమునకు తగిలించినచో బొమ్మ రాకపోవచ్చును.

పాత భాష, క్రొత్త భాష

ఇక అసలు చిక్కు. పాత పెట్టె పాడై క్రొత్త పెట్టె వచ్చినది, తెర మాత్రము పాతదే. క్రొత్త పెట్టెకు నీలిరంగు రంధ్రమే లేదు. ఇది ఎవరి పొరపాటును కాదు. 2010వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇంటెల్, ఎ.యం.డి. మున్నగు పెద్ద సంస్థలు 2015 నాటికి తమ ఉత్పత్తులలో వి.జి.ఎ. పద్ధతికి స్వస్తి చెప్పనున్నట్లు ప్రకటించినవి. దాని స్థానమున 2002వ సంవత్సరమున వెలువడిన హెచ్.డి.యం.ఐ. పద్ధతియు, 2006వ సంవత్సరమున వెలువడిన డిస్‌ప్లే పోర్టు పద్ధతియు వ్యాపించినవి.

ఈ రెండు తరముల మధ్య భేదము మొన ఆకృతిలో మాత్రమే లేదు. భాషలోనే ఉన్నది. పాత వి.జి.ఎ. కేబులులో విద్యుత్తు కాలువలోని నీటిమట్టమువలె హెచ్చుచు తగ్గుచు పోవును. మట్టము హెచ్చినచో రంగు కాంతివంతమగును, తగ్గినచో మసకబారును. క్రొత్త పద్ధతిలో అట్లు కాదు. బస్తాల లెక్క వ్రాసి పంపినట్లు అంకెల రూపమున బొమ్మ ప్రయాణము చేయును. ఒకరు నీటిమట్టము చూపగా, మరియొకరు లెక్క కాగితము నడిగినచో ఇరువురికిని పొత్తు కుదురదు. నడుమ ద్విభాషి కావలెను. ఆ ద్విభాషియే కన్వర్టరు అను చిన్న సాధనము.

బజారులో ఒక కొనయందు హెచ్.డి.యం.ఐ. మొనయు, రెండవ కొనయందు వి.జి.ఎ. మొనయు గల సాధారణ కేబుళ్లు కూడ అమ్ముదురు. లోపల మార్పిడి చేయు భాగము లేనిచో అట్టి కేబులు వలన ప్రయోజనము లేదు. అది రెండు భాషల పుస్తకములకు ఒకే అట్ట వేసినట్లుండును. కొనునప్పుడు ఈ నాలుగు విషయములు అడుగవలెను.

1. ఇది నిజముగా మార్పిడి చేయు కన్వర్టరా, వట్టి కేబులా?

2. ఇది ఏ దిక్కున పనిచేయును? పెట్టె వైపున హెచ్.డి.యం.ఐ., తెర వైపున వి.జి.ఎ. ఉండవలెను. ఎదురు దిక్కునకు చేసిన కన్వర్టరు చూచుటకు ఇట్లేయున్నను మనకు పనికిరాదు.

3. దీనికి వేరుగా విద్యుత్తు కావలెనా? కన్వర్టరు సాధారణముగా పెట్టె నుండియే కొద్దిపాటి విద్యుత్తును గ్రహించును. అది చాలనిచో బొమ్మ వచ్చుచు పోవుచుండును. ప్రక్కన యు.యస్.బి. తీగ తగులు ఏర్పాటున్న కన్వర్టరు ఇందుకు మేలు.

4. పని చేయనిచో తిరిగి తీసికొందురా? కార్యాలయమునకు తెచ్చి, మన తెరకే తగిలించి చూచిన పిమ్మట సొమ్ము చెల్లించుట ఉత్తమము.

డి.వి.ఐ. అను తెల్లని మొన గల యంత్రములు కూడ కొన్ని కలవు. ఇందులో రెండు జాతులున్నవి. బల్లపరుపు పిన్ను చుట్టును నాలుగు చిన్న రంధ్రములున్నచో అందు పాత భాషయు కలదు. చవుకైన చిన్న మొనతోనే వి.జి.ఎ. తెరను తగిలింపవచ్చును. ఆ నాలుగు రంధ్రములు లేనిచో క్రొత్త భాష మాత్రమే కలదు, కన్వర్టరు తప్పదు. ఎక్కని మొనను బలవంతముగా ఎక్కించి పిన్నులు విరుచుకొనరాదు.

తెర యొక్క పరిచయ పత్రము

కంప్యూటరు మొదలగునప్పుడు తయారీదారుని గుర్తు తెరపై కనబడి, పిమ్మట తెర నల్లబడుటయో, లేక ‘అవుట్ ఆఫ్ రేంజ్’, ‘ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్’ అను వాక్యము కనబడుటయో కలదు. ఇది విలువైన ఆనవాలు. మొదట గుర్తు కనబడినది గనుక తెర బాగుగనున్నది, కేబులు బాగుగనున్నది, పెట్టెయు పనిచేయుచున్నది. పెట్టె పంపుచున్న బొమ్మ తెర శక్తిని మించినదన్నదే చిక్కు.

బొమ్మ అనగా అసంఖ్యాకములైన చుక్కల కూర్పు. ప్రతి తెరకు ఇన్ని చుక్కలు అడ్డముగా, ఇన్ని నిలువుగా అను పరిమితి కలదు. 15 అంగుళముల పాత పలుచని తెరలు సాధారణముగా 1024 చుక్కలు అడ్డముగా, 768 నిలువుగా చూపును. 17 అంగుళములవి 1280 అడ్డముగా, 1024 నిలువుగా చూపును. నేటి క్రొత్త పెట్టెలు తరచుగా 1920 అడ్డముగా, 1080 నిలువుగా పంపును. పుట్టెడు ధాన్యమును కుంచములో పోయజూచినట్లుండును. ఇదిగాక బొమ్మను క్షణమునకు ఎన్ని మారులు తిరిగి గీయవలెనను లెక్క కూడ ఉన్నది. పలుచని తెరలకు 60 మారులు సరిపోవును. వెనుక బానవలె పొడుగుండు గాజుగొట్టపు తెరలకు 60 చాలక కండ్లు అదరుచున్నట్లుండును గాన, తెర భరించునంతవరకు 75 లేక 85 పెట్టుట మేలు.

తెర తన పరిమితిని తానే పెట్టెకు తెలుపుకొను ఏర్పాటు 1994వ సంవత్సరము నుండి వాడుకలోనికి వచ్చినది. తెరలోనున్న ఒక చిన్న పరిచయ పత్రమును పెట్టె కేబులు ద్వారా చదువుకొని, దానికి తగిన బొమ్మను పంపును. అంతకు పూర్వపు తెరలకు ఈ పత్రము లేదు. నాసిరకపు కేబుళ్లలోను, కొన్ని కన్వర్టర్లలోను ఈ పత్రము నడచు దారి ఉండదు. అప్పుడు పెట్టె ఊహచే ఏదో ఒక కొలతను పంపును. అది తెరకు సరిపడనిచో చీకటియే మిగులును.

దీనికి విరుగుడు కలదు. పెట్టెకు రెండు రంధ్రములున్నచో, రెండవ దానికి హెచ్.డి.యం.ఐ. కేబులుతో మంచి తెరనో, టెలివిజన్‌నో తగిలించవలెను. గ్రామమందలి పాఠశాలలోనో, సమావేశ మందిరములోనో టెలివిజన్ ఉన్నచో పెట్టెను అచ్చటికి తీసికొనిపోయిన చాలును. అందులో కనబడు ‘డిస్‌ప్లే సెట్టింగ్స్’ అను చోట పాత తెరను ఎన్నుకొని, కొలతను 1024, 768 నకు తగ్గింపవలెను. మార్పు చేసిన పిమ్మట దానిని ఉంచవలెనా అని కంప్యూటరు అడుగును. సుమారు 15 క్షణములలో జవాబీయనిచో పాత కొలతకే తిరిగి పోవును. ఈ సంగతి తెలియక, మార్చినను నిలుచుట లేదని కొందరు విసుగు చెందుదురు.

పెట్టెకు ఒకే రంధ్రమున్నచో కంప్యూటరును తక్కువ కొలతతో ప్రారంభించు మార్గము కలదు. నేటి విండోస్ పద్ధతులలో ప్రారంభపు మరమ్మతు పలకలో ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’ అను వానిని వరుసగా తెరచి, ‘రీస్టార్ట్’ చేసి, పిమ్మట 3వ అంకె నొక్కినచో తక్కువ కొలత బొమ్మ వచ్చును. ఇది నేర్చినవారు చేయవలసిన పని. సభ్యులు ఇట్టి మార్గము కలదని ఎరిగి, దానిని ప్రయత్నించిరా అని అడుగుట చాలును.

మరియొక చిన్న మాయ కూడ కలదు. ఏనాడో సమావేశము కొరకు కంప్యూటరును పెద్ద తెరకు తగిలించి, ‘రెండవ తెరకు మాత్రమే’ అని అమర్చి మరచిపోయి యుండవచ్చును. మీటల పలకపై విండోస్ గుర్తుగల మీటను, ‘పి’ అను అక్షరమును కలిపి నొక్కినచో ఈ అమరిక మారును.

బొమ్మ వచ్చినను బాగుగా లేనిచో

బొమ్మ ఒక ప్రక్కకు జరిగినను, అంచు తెగినను, అక్షరములు మసకగా నున్నను తెరపై ‘ఆటో’ అను మీటను ఒక మారు నొక్కవలెను. వి.జి.ఎ. మార్గమున వచ్చు బొమ్మను పలుచని తెర తనంతట తానే సవరించుకొనును. అక్షరముల ప్రక్క నీడలు కనబడినచో కేబులు మిక్కిలి పొడుగైనదో, నాసిరకమైనదో అని అనుమానింపవలెను. పొట్టి, దళసరి కేబులు వాడినచో నీడలు తగ్గును. బొమ్మ అలలవలె ఊగుచున్నచో ప్రక్కనున్న స్టెబిలైజరును, విద్యుత్ పంకాను దూరముగా జరిపి చూడవలెను. గాజుగొట్టపు తెరపై ఒక మూల రంగుమచ్చ ఏర్పడినచో అయస్కాంతమున్న స్పీకరు దాపున ఉన్నదేమో చూచి తొలగింపవలెను.

లోపము పెట్టెలోనిదైనచో

తెర ‘నో సిగ్నల్’ అనుచునే యున్నది, కేబులు మార్చినను ఫలము లేదు, మొదటి గుర్తు కూడ కనబడదు. అప్పుడు పెట్టెను అనుమానింపవలెను. మీటల పలకపై ‘క్యాప్స్ లాక్’ మీటను నొక్కినప్పుడు దాని దీపము వెలిగి ఆరుచున్నచో పెట్టెకు తెలివి ఉన్నట్లే. దీపము కదలక, లోపలి పంకా మాత్రము తిరుగుచు, పెట్టె కూతలు కూయుచున్నచో లోపలి మెమరీ పలక వదులైయుండవచ్చును. దుమ్ము, తేమ, ఎలుకలు గల గదులలో ఇది అరుదు కాదు. మరమ్మతు తెలిసినవారు దానిని తీసి, తుడిచి, తిరిగి గట్టిగా అమర్చినచో పెక్కు మారులు కంప్యూటరు లేచి కూర్చుండును. ఇందుకు క్రొత్త తెర కొనుట, కాలు నొప్పికి చేతికి కట్టు కట్టినట్లగును.

ప్రాణమునకు సంబంధించిన హెచ్చరిక

గాజుగొట్టపు పాత తెర మూతను కార్యాలయమున ఎవరును తీయరాదు. అందు 20 వేల వోల్టులకు మించిన విద్యుత్తు పుట్టును. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన పిమ్మట కూడ అది కొంతకాలము లోపల నిలిచియుండి మనిషిని కొట్టగలదు. పలుచని తెరలోను, విద్యుత్తు నిచ్చు భాగమును ముట్టరాదు. కార్యాలయపు ఎర్తు తీగ సరిగా ఉన్నదో లేదో విద్యుత్ పనివానిచే పరీక్షింపజేయుట సభ్యుల బాధ్యత. పెట్టెను తాకినప్పుడు జిల్లుమన్నచో దానిని ఉపేక్షింపరాదు. ఉరుములు, మెరుపులు గల సమయమున ప్లగ్గులు తీసియుంచుట మేలు.

సమావేశమున అడుగవలసిన ప్రశ్నలు

క్రొత్త తెరకో, క్రొత్త కంప్యూటరుకో ప్రతిపాదన వచ్చినప్పుడు సభ్యులు నెమ్మదిగా ఈ ప్రశ్నలు వేయవలెను. తెర దీపము వెలుగుచున్నదా? కేబులు తీసినప్పుడు వాక్యమేమైన కనబడినదా? మరియొక కేబులుతో చూచిరా? ఈ తెరను మరియొక కంప్యూటరుకును, ఈ కంప్యూటరును మరియొక తెరకును తగిలించి చూచిరా? ప్రారంభపు గుర్తు కనబడి పోవుచున్నదా, అసలే కనబడుట లేదా? చుక్కల కొలత తగ్గించి చూచిరా? ఈ ఆరింటికి జవాబులు వచ్చినచో నిర్ణయము దానంతట అదే తేలును.

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. తారుమారు చేసి చూచుటకు మించిన పరీక్ష లేదు. మన తెర మరియొక పెట్టెతో వెలిగి, మన పెట్టె మరియొక తెరతో కూడ చీకటిగా నున్నచో వాదమునకు తావు లేదు. అర్ధగంట పని ఇది.

పరీక్ష ఫలితమును, తేదీని, మార్చిన వస్తువును కార్యాలయపు స్టాకు రిజిస్టరులో వ్రాసి యుంచవలెను. మరుసటి మారు అదే చిక్కు వచ్చినప్పుడు ఆ పంక్తి మార్గము చూపును. ఒక అదనపు కేబులు, ఒక అదనపు కన్వర్టరు బీరువాలో ఉంచుకొనుట పొదుపే గాని వృథా ఖర్చు కాదు. కొనునది క్రొత్త పెట్టె మాత్రమే ఐనచో, ఆర్డరు వ్రాయుటకు ముందే ఇప్పుడున్న తెర వెనుక ఏ రంధ్రమున్నదో చూచి, దానికి తగిన ఏర్పాటు కూడ కోరవలెను. వచ్చిన పిమ్మట వగచుటకంటె వ్రాయుటకు ముందు చూచుట సులభము.

ఇంతటి పరీక్ష తరువాతను తెరయే చెడినదని తేలినచో క్రొత్తదానికి తీర్మానము చేయుటకు సంకోచింపనక్కరలేదు. అది న్యాయమైన ఖర్చు. పాతదానిని మాత్రము చెత్తకుప్పలో పడవేయరాదు, పగులగొట్టరాదు, కాల్చరాదు. గాజుగొట్టపు తెరలో సీసము కలదు. పాత పలుచని తెరల దీపములలో పాదరసము కలదు. ఇవి నేలలోనికి, నీటిలోనికి దిగినచో హాని. ఇట్టి వస్తువుల విషయమై 2022వ సంవత్సరమున చేసిన ఈ-వ్యర్థముల నిర్వహణ నియమములు 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినవి. వాని ననుసరించి, నమోదైన సంస్థలకే పాత తెరలను అప్పగించి రసీదు పొందవలెను.

పంచాయతీ సభ్యులగు సోదర సోదరీమణులు కంప్యూటరు విద్యలో ఆరితేరవలెనని మేము కోరుట లేదు. చెరువు కట్టను, వీధి దీపమును, మంచినీటి కుళాయిని ఏ కన్నుతో చూచుచున్నారో, కార్యాలయపు బల్లమీది తెరను కూడ అదే కన్నుతో చూడవలెనని మాత్రమే మా మనవి. అది కూడ గ్రామపు ఉమ్మడి ఆస్తియే. అది ఒక దినము త్వరగా వెలిగినచో, వరుసలో నిలిచిన ఒక తల్లి ఒక దినము త్వరగా బిడ్డ పత్రముతో ఇల్లు చేరగలదు.